ఏడో గుంట

మా చిన్న మేనమామకు విడవలూరు అవతల నాలుగు రొయ్యల గుంటలున్నాయి. రెండు సొంతం, రెండు లీజు. నేను నెల్లూరులో డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెబుతానని ఆయనకు ఇరవై ఏళ్ళుగా తెలుసు. ఆ చదువుతో ఆయనకు పని పడింది మాత్రం ఈ సీజన్‌లోనే.

గట్టు మీద రేకుల షెడ్డులో నులకమంచం మీద కూర్చోబెట్టి, చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. రొయ్యల గుంటల్లో వేసే ఏదో మందు ప్రకటన. మంచి నునుపు కాగితం. పైన మీసాలు మెలేసిన రొయ్య బొమ్మ. మధ్యలో పెద్ద అక్షరాలతో "మీ ప్రాంతపు గుంటల్లోనే నిరూపణ: సహసంబంధం 0.84". వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో ఏడు గుంటల పట్టిక: ఎకరాకు ఎన్ని కిలోల మందు వేశారు, ఎన్ని టన్నుల రొయ్యలు పట్టుబడి వచ్చాయి.

"అమ్మాయ్, 84 శాతం అంట. నూటికి 84 అంటే డిస్టింక్షనే గదా. ఎకరాకు పది కిలోలు వెయ్యమంటున్నాడు. నాలుగు గుంటలకీ తీసుకోమంటావా, వద్దంటావా?"

వద్దని ఒక్క మాటలో చెప్పేసి టీ తాగి రావచ్చు. కానీ ఆయన అడిగిన తీరు చూస్తే, మా క్లాసులో ఫస్ట్ బెంచీ వాళ్ళూ సరిగ్గా ఇలాగే పొరబడతారు కదా అనిపించింది. రెండు అంకెలు ఎంతవరకు కలిసి నడుస్తున్నాయో చెప్పే సహసంబంధ గుణకాన్ని (కోరిలేషన్) మనం మార్కుల్లా చదువుతాం. 0.9 వస్తే సంబరం, 0.3 వస్తే పెదవి విరుపు. గైడ్లలో పట్టిక కూడా ఉంటుంది: 0.7 దాటితే బలమైన సంబంధం, 0.3 లోపయితే బలహీనం. ఆ పట్టిక బట్టీ పట్టి పరీక్ష గట్టెక్కినవాళ్ళే తర్వాత మందులు అమ్ముతారు, మందులు కొంటారు. నన్నడిగితే ఆ పట్టికను సిలబస్‌లోంచి తీసేసి, దాని బదులు ప్రతి పిల్లవాడి చేతా ఓ వంద గ్రాఫులు గీయించాలి.

ఆ రోజు నేను చేసిందీ అంతే. మేత లెక్కలు రాసుకునే గళ్ళ పుస్తకంలోంచి ఒక పేజీ చింపి, అడ్డంగా మందు, నిలువుగా పట్టుబడి పెట్టి చుక్కలు వేయమన్నాను. అంకెలు గుర్తుండేలా ఇక్కడ కాస్త గుండ్రం చేసి చెబుతున్నాను. రెండు కిలోలు వేసినవాళ్ళు ఇద్దరు: ఒకరికి 2 టన్నులు, ఒకరికి 3. మూడు కిలోలు వేసినవాళ్ళు ఇద్దరు: మళ్ళీ ఒకరికి 2, ఒకరికి 3. నాలుగు కిలోలు వేసినవాళ్ళూ ఇద్దరే: అదే తంతు, 2, 3. ఏడో గుంటకు పది కిలోలు పడ్డాయి, 5 టన్నులు వచ్చాయి.

మామ ఆరు చుక్కలు పెట్టేసరికి అవి ఎడమ మూలన చిన్న పెట్టెలా కూర్చున్నాయి. ఏడోది పెట్టడానికి చెయ్యి పేజీ అవతలి కొసకు పోయింది. పెన్ను అక్కడే ఆగిపోయింది.

"ఇదెవరి గుంటో నాకు తెలుసమ్మాయ్."

ఊళ్ళో అందరికీ తెలుసట. ఆయనకు రెండు జనరేటర్లు. మిగతావాళ్ళకంటే రెట్టింపు ఏరియేటర్లు, అంటే నీళ్ళకు గాలి అందించే యంత్రాలు. నీళ్ళు ముందే నింపి శుభ్రం చేసుకోవడానికి విడిగా ఒక గుంట, నెల జీతం మీద ఒక టెక్నీషియన్. కరెంటు పోయిన రాత్రి మామ డీజిల్ క్యాను పట్టుకుని పరిగెత్తేటప్పటికి అక్కడ మోటార్లు తిరుగుతూనే ఉంటాయి. అలాంటాయన మార్కెట్లోకి ఏ మందొచ్చినా వేస్తాడు, పది కిలోలంటే పది కిలోలు వేస్తాడు. ఆయనకు 5 టన్నులు రావడానికి సవాలక్ష కారణాలు. అందులో ఈ మందు ఉందో లేదో ఈ కాగితం చెప్పదు.

ఇప్పుడు లెక్క చూడండి. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఉంటే మీరే చేసుకోవచ్చు. ఏడో గుంటను పక్కన పెట్టి మిగిలిన ఆరింటికీ సహసంబంధం కడితే ఎంతొస్తుంది? సున్నా. దాదాపు సున్నా అనడం లేదు, నికరంగా సున్నా. ఏడోదాన్ని కలిపితే 0.84. అంటే కాగితం మీద అచ్చేసిన నిరూపణ అంతా ఒక్క గుంట బరువు.

ఎందుకలా అవుతుందో సూత్రం లోపలికి తొంగి చూస్తే తెలుస్తుంది. మందు సగటు దగ్గర నిలువు గీత, పట్టుబడి సగటు దగ్గర అడ్డ గీత గీస్తే కాగితం నాలుగు గదులవుతుంది. ప్రతి చుక్కా ఆ రెండు గీతలకూ ఎంతెంత దూరంలో ఉందో చూసి, ఆ రెండు దూరాల్నీ గుణిస్తాం. కుడి పై గదిలో, ఎడమ కింది గదిలో ఉన్నవి ప్లస్, మిగతా రెండు గదుల్లోవి మైనస్. అన్నీ కూడి, రెండు వైపుల చెదురునూ బట్టి భాగిస్తే మైనస్ 1కీ ప్లస్ 1కీ మధ్య ఓ అంకె వస్తుంది. అదే ఆర్. మన గుంటల్లో ఆ కూడిక మొత్తం 15. అందులో దాదాపు 13 ఏడో చుక్క ఒక్కదానిదే. దూరాలు గుణిస్తున్నాం కాబట్టి దూరాన ఉన్నవాడి మాటకు విలువెక్కువ. పంచాయతీలో దూరపు ఊరి నుంచి కారులో వచ్చిన పెద్దమనిషి తీర్పు చెప్పినట్టు.

ఇంకో సంగతుంది. స్టాటిస్టిక్స్ చదివినవాళ్ళు వెంటనే, "సిగ్నిఫికెన్స్ టెస్టు చేస్తే దొరికిపోతాడుగా" అంటారు. వచ్చిన ఆర్ కాకతాళీయమా కాదా అని చూసే పరీక్ష అది. దానికీ దొరకడు. ఏడు జతలకు 5 శాతం స్థాయిలో ఆర్ 0.754 దాటితే చాలు, 0.84 దర్జాగా దాటుతుంది. ఆ టెస్టు పుట్టిందే చుక్కలు ఒక పద్ధతిలో చెదిరి ఉన్నాయన్న నమ్మకం మీద. ఆ నమ్మకం ఈ కాగితం మీద నిలబడదని టెస్టుకు తెలియదు, కంటికి తెలుస్తుంది. ఆ పద్ధతినే నమ్మి అసలు ఆర్ ఎక్కడెక్కడ ఉండొచ్చో హద్దులు కట్టినా 0.25 నుంచి 0.98 దాకా వస్తుంది. అంటే "ఏదో కాస్త ఉందేమో" దగ్గర్నుంచి "అచ్చు గీసినట్టు" దాకా ఏదైనా కావచ్చు. ఏడు గుంటలకు దొరికే జ్ఞానం అంతే. విలువలు వదిలేసి ర్యాంకులతో కట్టే స్పియర్‌మన్ పద్ధతి 1904 నుంచీ ఉంది. అలా కడితే ఇదే పట్టికకు 0.42 వస్తుంది, సగం గాలి పోతుంది.

ఇక ఆ 84 శాతం. ఆర్ శాతం కాదు. శాతంగా చదవాలని అంత ముచ్చటగా ఉంటే దాన్ని వర్గం చెయ్యాలి: 0.84 వర్గం 0.71. ఈ ఏడు గుంటల పట్టుబడిలో ఉన్న హెచ్చుతగ్గుల్లో 71 శాతం ఒక సరళరేఖ మీద మందుతో పాటు నడుస్తున్నాయని అర్థం. "మందు వల్ల" కాదు, "మందుతో పాటు". ఈ వర్గం సంగతి మర్చిపోతే పోలికలు కూడా తప్పుతాయి. 0.8 అంటే 0.4కి రెట్టింపు అనుకుంటాం. వర్గాలు చూస్తే 0.64, 0.16. నాలుగు రెట్లు.

రైతుకు కావలసిన అంకె అసలు ఆర్ కానే కాదు. కిలో మందు ఎక్కువేస్తే ఎన్ని కిలోల రొయ్యలు ఎక్కువొస్తాయి? అది చుక్కల మధ్యగా గీసిన గీత వాలు చెబుతుంది. ఆర్‌కు కిలోలూ తెలియవు, రూపాయలూ తెలియవు. పిసరంత లాభమే ఉన్నా చుక్కలు గీతకు అంటిపెట్టుకుని ఉంటే ఆర్ 0.95 రావచ్చు. పెద్ద లాభమున్నా చుక్కలు చెదిరి ఉంటే 0.3 రావచ్చు. సరే, ఈ పట్టికకు వాలు కట్టి చూపించాను: కిలోకు 0.326 టన్నులు. అంటే ఎకరాకు ఒక్క కిలో మందు అదనంగా వేస్తే 326 కిలోల రొయ్యలు అదనం.

మామ పది సెకన్లు ఆలోచించి, "అట్టయితే వాడు మందెందుకు అమ్ముతాడు? నాలుగు గుంటలు లీజుకు తీసుకోడా?" అన్నాడు. సిగ్నిఫికెన్స్ టెస్టు పట్టుకోలేనిది ఇదిగో, ఇలా దొరికింది.

ఈ ఏడో గుంట కొత్త కథేం కాదు. 1973లో ఫ్రాన్సిస్ ఆన్‌స్కమ్ అనే ఆయన నాలుగు చిన్న పట్టికలు తయారు చేశాడు, ఒక్కోదానిలో 11 జతలు. నాలుగింటికీ సగటులు ఒకటే, గీత ఒకటే, ఆర్ ఒకటే: 0.816. గ్రాఫు గీస్తే ఒకటి మామూలు చెదురు, ఒకటి చక్కటి వంపు, ఒకటి బిగుతైన గీతకు దూరంగా తప్పిపోయిన ఒక్క చుక్క. నాలుగోదానిలో పది చుక్కలు ఒకే నిలువు వరసలో ఉంటాయి, పదకొండోది ఎక్కడో అవతల. అది అచ్చం మా విడవలూరు గుంట. ఆన్‌స్కమ్ పట్టికలు ప్రతి ఏడూ బోర్డు మీద రాస్తాను. అయినా పరీక్షలో గ్రాఫు అడగరు కాబట్టి పిల్లలు పెన్ను మూత కూడా తీయరు.

ఆ వంపు సంగతి రొయ్యల రైతుకు చెప్పనక్కర్లేదు. సీడ్, అంటే రొయ్య పిల్లల్ని, మరీ పలచగా వేస్తే పట్టుబడి తక్కువ. పెంచుతూ పోతే కొంతవరకూ పెరుగుతుంది. ఇంకా ఒత్తుగా వేస్తే ఆక్సిజన్ చాలదు, నీళ్ళు పాడవుతాయి, మళ్ళీ పడిపోతుంది. కొండలాంటి ఆకారం. దానికి ఆర్ కడితే సున్నా దగ్గరికి రావచ్చు. "సంబంధం లేదు" అని రిపోర్టు రాసేసి ఇష్టమొచ్చినంత సీడ్ వేసుకోవచ్చా? ఆర్ చూసేది సరళరేఖ ఉందా లేదా అన్నంతవరకే. వంపులు దాని కంటికి ఆనవు.

రెండు అంకెలు కలిసి నడుస్తుంటే, వెనక ఆ రెండింటినీ నడిపే మూడోది ఒకటి ఉండొచ్చు. ఈ మూడో మనిషి గొడవకు వేరే దేశాల పుస్తకాల్లో ఐస్‌క్రీముల ఉదాహరణ ఉంటుంది: ఎండలు ముదిరితే ఐస్‌క్రీముల అమ్మకాలూ, నీళ్ళలో మునిగిపోయేవాళ్ళూ కలిసి పెరగడం. మనకు ఇంటి దగ్గరే ఉంది. నెల్లూరు వానలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కార్తీకం సరిగ్గా ఆ మధ్యలో పడుతుంది. నెలనెలా ఊళ్ళో అమ్ముడైన దీపాల నూనె, ఊరి చెరువులో నీటి మట్టం రాసి చూస్తే రెండూ కలిసి లేస్తాయి. నైరుతి వానలతో బతికే ఊళ్ళో ఇదే లెక్క కడితే ఈ జోడీ ఇలా కుదరదు. దీపాలు పెడితేనే చెరువు నిండుతుందని మా నాయనమ్మ అయితే ఒప్పేసుకునేది. ఆమె తన నమ్మకాన్ని ఎవరికీ అమ్మలేదు కాబట్టి దాన్ని వదిలేద్దాం.

ఏళ్ళతో పాటు నడిచే అంకెల్ని పక్కపక్కన పెడితే ఇంకా ఘోరం. పెరిగేవి రెండు, లేదా తగ్గేవి రెండు తీసుకుంటే చాలు, ఆర్ ఆకాశంలో ఉంటుంది. 1926లో ఉడ్నీ యూల్ అనే బ్రిటిష్ గణాంకవేత్త ఇంగ్లండులో 1866 నుంచి 1911 దాకా లెక్కలు తీసి చూపించాడు. మొత్తం పెళ్ళిళ్ళలో అక్కడి అధికారిక చర్చిలో జరిగినవాటి వాటాకూ, మరణాల రేటుకూ సహసంబంధం 0.95. రెండూ ఏళ్ళ తరబడి తగ్గుతూ వచ్చాయి, అంతకుమించి ఏమీ లేదు. వాట్సాప్‌లో "గత ముప్పై ఏళ్ళ గ్రాఫు చూడండి" అని ఎవరైనా పంపితే నాకు ముందుగా యూల్ గుర్తొస్తాడు.

సగటుల మీద కట్టిన ఆర్ ఇంకో రకం. మండలాల సగటులతో వచ్చిన సంబంధాన్ని మండలంలోని మనిషికి అంటగట్టకూడదు. 1950లో రాబిన్సన్ అనే సామాజిక శాస్త్రవేత్త అమెరికా 1930 జనాభా లెక్కలతో దీన్ని చూపించాడు. విదేశాల్లో పుట్టడానికీ నిరక్షరాస్యతకూ మనుషుల లెక్కన సహసంబంధం ప్లస్ 0.118, రాష్ట్రాల లెక్కన మైనస్ 0.526. గుర్తే తిరగబడింది. వలస వచ్చినవాళ్ళు అక్షరాస్యత బాగున్న రాష్ట్రాలకు వెళ్ళి స్థిరపడ్డారు, అదీ కిటుకు.

ఇప్పటిదాకా ఆర్ లేనిది ఉన్నట్టు చూపించే తీరు చెప్పాను. ఉన్నదాన్ని దాచే తీరు ఒకటుంది, అది మా ఇంట్లోనే ఎదురైంది. మా అమ్మాయి చదివిన ఒక రెసిడెన్షియల్ కాలేజీలో పేరెంట్స్ మీటింగ్. పై సెక్షన్ పిల్లల ఎంట్రన్స్ మార్కులకూ చివర్లో వచ్చిన మార్కులకూ పెద్ద సంబంధం లేదని స్లైడు వేశారు. "చూశారా, పిల్లవాడు ఎలా వచ్చాడన్నది ముఖ్యం కాదు, అంతా మా కోచింగే" అన్నారు. చప్పట్లు కొట్టారు. నా పక్కన కూర్చున్న ఒంగోలు వైపాయనకు బండలాగుడు పందేలు తెలుసు కాబట్టి ఆయనకు అలా చెప్పాను: సీనియర్ విభాగంలో దిగేవన్నీ ఏరికోరి మేపిన కొండల్లాంటి ఎద్దులు. వాటిలో వాటికి ఒంటి బరువుకూ లాగిన దూరానికీ ఆర్ కడితే పెద్దగా రాదు, అన్నీ బరువైనవే కాబట్టి. అలాగని బరువుతో పని లేదని పాల పళ్ళ దూడల్ని ఆ బండకు కడతామా? పై సెక్షన్ అంటేనే ఎంట్రన్స్‌లో మొదటి వరసలో వచ్చినవాళ్ళను ఏరి కూర్చోబెట్టడం. తేడాలన్నీ గుమ్మం దగ్గరే కోసేశాక తేడాలతో కట్టే లెక్కలో ఏం మిగులుతుంది? ఆయన తలూపాడు గానీ ఫీజు మాత్రం కట్టాడు. నేనూ కట్టాను.

ఇంత చెప్పాక మామ అనుకోకుండా నన్ను ఇరుకున పెట్టాడు. "అయితే అన్నీ అబద్ధాలేనా? మీ తాతకు డాక్టరు చుట్ట మానెయ్యమన్నాడే, అదీ ఇట్టాంటి లెక్కేనా?"

మా అమ్మమ్మగారిది టంగుటూరు వైపు. తాత పొగాకు వేసేవాడు. బ్యారన్ (పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం) కాల్చే రోజుల్లో రాత్రంతా మంట దగ్గరే కూర్చుని, అదే పొగాకుతో చుట్ట చుట్టుకునేవాడు. మామ ఆ పంట వదిలేసి రొయ్యలకొచ్చాడు. కాబట్టి ఈ ప్రశ్న మా ఇంటిదే, జవాబు దాటెయ్యడానికి లేదు.

సహసంబంధం కారణం కాదన్న మాట అందరం పలుకుతాం. ఆ మాటను అడ్డం పెట్టుకుని దెబ్బతిన్నవాడు సామాన్యుడు కాదు, గణాంక శాస్త్రంలో మహామహుడు రోనాల్డ్ ఫిషర్. ఆర్‌ను ఎంతవరకు నమ్మవచ్చో 1915లో లెక్క కట్టి ఇచ్చింది ఆయనే. 1950లో డాల్, హిల్ అనే ఇద్దరు బ్రిటిష్ పరిశోధకులు లండన్ ఆసుపత్రుల్లో సిగరెట్టుకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ సంబంధం చూపించారు. తర్వాత ఫిషర్ అడ్డం తిరిగాడు: ఇది సహసంబంధమే, సిగరెట్టు తాగాలనిపించేదీ క్యాన్సర్ తెచ్చేదీ ఒకే వంశ లక్షణం కావచ్చు కదా అని. వాదనగా చూస్తే తప్పు పట్టలేం, నేను ఏడో గుంట మీద చేసిన వాదనే అది. ఆయన పైపు తాగేవాడు, సిగరెట్టు కంపెనీల సంఘానికి సలహాదారు కూడా. ఆ సంగతి పక్కన పెట్టినా, అనుమానం లేవదీశాక దాని వెంట పోయి తేల్చాలి గదా. డాల్, హిల్ పోయారు. 1951 నుంచి దాదాపు నలభై వేల మంది బ్రిటిష్ డాక్టర్ల అలవాట్లు రాసుకుని ఏళ్ళ తరబడి కనిపెట్టుకుని ఉన్నారు. ఎక్కువ తాగినవాళ్ళలో చావులు ఎక్కువ, మానేసినవాళ్ళలో తక్కువ. వంశ లక్షణమే కారణమైతే మానేసినంత మాత్రాన ప్రమాదం ఎందుకు తగ్గాలి? 1964లో సిగరెట్టు క్యాన్సర్ తెస్తుందని అమెరికా సర్జన్ జనరల్ (అక్కడి ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి) రిపోర్టు వచ్చేటప్పటికి ఆ జవాబు వినడానికి ఫిషర్ లేడు, 1962లోనే పోయాడు.

మామకు ఇదంతా చెప్పి, "మందు కాగితానికీ డాక్టరు మాటకూ తేడా అదే. వాళ్ళు మనుషుల వెంట ఏళ్ళకేళ్ళు పడ్డారు. వీడు ఏడు గుంటలు తిరిగి ప్రెస్సుకు పోయాడు" అన్నాను.

"మరి మనం చూద్దామా?" అన్నాడు.

ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాను. నాలుగు గుంటల్లో సొంతవి ఒక జత, లీజువి ఒక జత. ఒక్కో జతలో ఒకదానికి మందు, ఇంకోదానికి వద్దు. సీడ్ ఒకే హేచరీది, ఒకే రోజు. మేత, ఏరియేటర్లు సమానం. నాలుగు గుంటలతో తిరుగులేని రుజువేదీ రాదని ముందే చెప్పేశాను. కానీ మందు ఖర్చు సగం మిగులుతుంది, 326 కిలోలన్న కోత ఎంత పెద్దదో తెలుస్తుంది. ఏ గుంటకు మందన్నది మాత్రం మనం ఎంచకూడదు, రూపాయి బిళ్ళ ఎంచాలి. పొలం మళ్ళకు ఇలా చీట్లు వేసి ఎరువులు పంచమని పట్టుబట్టిందీ ఆ ఫిషరే. అదే మనిషి, అదే బుర్ర.

"మంచి గుంటేదో నాకు తెలిసినంత బిళ్ళకు తెలుసా ఏంది?" అన్నాడు మామ. అందుకే బిళ్ళ అన్నాను.

లీజు గుంటలు గొడవ లేకుండా తేలిపోయాయి. సొంతవాటికి బిళ్ళ ఎగరేశాడు. కాలవ పక్కనున్న గుంట ఆయనకు ప్రాణం. పోయిన పంటలో 30 కౌంట్, అంటే కిలోకు ముప్పై తూగే పెద్ద రొయ్యలు, పట్టింది అందులోనే. బొమ్మ పడితే దానికి మందు, బొరుసు పడితే లేదు. బిళ్ళ అరచేతిలో పట్టి, రెండో చేయి అడ్డం పెట్టి, పక్కకు జరిపి చూశాడు. బొరుసు.

కాసేపు కాలవ వైపు చూశాడు. తర్వాత బిళ్ళను లుంగీకి తుడిచి, "అమ్మాయ్, ఇంకోసారి వేద్దామా?" అన్నాడు.